పాత మిషన్లో టెక్స్‌లైవ్‌ని సోర్స్ నుంచి కంపైల్ చేయాలా? చేస్తే ఎలా?

పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. చిన్న డీటీపీ షాపు. తెలుగు, ఒడియా కలిసిన శుభలేఖలు, తెలుగు మీడియం స్కూళ్ళ ప్రశ్నపత్రాలు లేటెక్‌లో (ఆదేశాలు రాసి పేజీలు కూర్చే వ్యవస్థ; దాని ప్రోగ్రాములన్నీ కలిసిన కట్టే టెక్స్‌లైవ్) చేయాలని ఉంది. మిషన్‌లో 4 జీబీ ర్యామ్, ఉబుంటు 18.04. పాత ప్రింటర్ డ్రైవర్ దాని మీదే నడుస్తోంది కాబట్టి ఓఎస్ మార్చలేరు. ఆప్ట్‌తో (ఉబుంటు ప్యాకేజీలు దించే ఆదేశం) వచ్చిన టెక్స్‌లైవ్‌లో లువాలేటెక్ (లేటెక్‌ను నడిపే ఆదేశాల్లో ఒకటి) వాడితే ఒత్తులు విడిపోతున్నాయి. కొత్త టెక్స్‌లైవ్ దించితే "జీలిబ్‌సీ వెర్షన్ నాట్ ఫౌండ్" అని బైనరీలు (ముందే కంపైల్ చేసి వచ్చే ప్రోగ్రాములు) మొరాయిస్తున్నాయి; జీలిబ్‌సీ అంటే లినక్స్ ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ. సోర్స్ నుంచి, అంటే మూల కోడ్ నుంచి తమ మిషన్లోనే, కంపైల్ చేసుకుంటే ఈ రెండూ పోతాయా అని అడుగుతున్నారు.

సూటిగా జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. ఒత్తులు విడిపోతున్నది కంపైల్ చేయనందువల్ల కాదు. మీ దగ్గరున్న పాత టెక్స్‌లైవ్‌లోనే లువాలేటెక్ బదులు జీలేటెక్ అనే ఇంకో ఆదేశంతో నడిపితే ఈ రోజే సరిపోతుంది. జీలిబ్‌సీ సమస్యకు మాత్రం కంపైల్ చేయడం సరైన మందే. చేసేటప్పుడు బైనరీలను మాత్రమే మీరు తయారు చేసుకుని, మిగతా అమరిక అంతా టెక్స్‌లైవ్ ఇన్‌స్టాలర్‌కే వదిలేయండి. అందుకోసమే ఇన్‌స్టాలర్‌లో 'కస్టమ్-బిన్' అనే ఆప్షన్ ఉంది. సోర్స్ నుంచి ఇన్‌స్టాల్ చేసేవాళ్ళు ఎక్కువగా ఇబ్బంది పడేది ఈ ఆప్షన్ తెలియక, అన్ని ఫైళ్ళనూ చేత్తో సర్దబోయినప్పుడే.

ముందు ఒత్తుల సంగతి తేల్చేద్దాం. ఉబుంటు 18.04తో వచ్చేది 2017 టెక్స్‌లైవ్. అందులోని లువాటెక్‌లో (లువాలేటెక్ కింద నడిచే ఇంజన్) హార్ఫ్‌బజ్, అంటే ఒత్తులను సరిగ్గా కలిపే లైబ్రరీ, లేదు. హార్ఫ్‌బజ్ కలిపిన లువాహెచ్‌బీటెక్ 2020 టెక్స్‌లైవ్‌తోనే వచ్చింది, అప్పటి నుంచే లువాలేటెక్ దాని మీద నడుస్తోంది. జీలేటెక్ కింద నడిచే జీటెక్ ఇంజన్‌లో మాత్రం 2013 నుంచే హార్ఫ్‌బజ్ ఉంది. కాబట్టి మీ 2017 జీలేటెక్‌కు తెలుగు సంయుక్తాక్షరాలు కొత్తేమీ కాదు. ఫాంట్‌స్పెక్ ప్యాకేజీ పిలిచి, ఫాంటు పేరు పక్కన 'స్క్రిప్ట్=తెలుగు' అని ఇచ్చి నడిపి చూడండి. పనులు ఆగకుండా ఉండాలంటే ఇది చాలు. ఆ తర్వాత తీరికగా కొత్తది కట్టుకోవచ్చు.

మరి కొత్తది ఎందుకు? మీ పనికి ఒక గట్టి కారణం ఉంది. ఒకే పేరాలో తెలుగు, ఒడియా కలిసినప్పుడు కొత్త లువాలేటెక్‌లో బేబెల్ ప్యాకేజీ అక్షరాన్ని చూసి ఫాంటునూ భాషనూ తనే మారుస్తుంది. ప్రతి ఒడియా మాట చుట్టూ ఆదేశం రాయక్కర్లేదు. శుభలేఖల పని రోజూ ఉన్నవాళ్ళకు అది చాలా పెద్ద సాయం. దాని వివరం చివర్లో చెబుతాను.

కంపైల్‌కు దిగే ముందు ఒక్కటి ప్రయత్నించండి. టెక్స్‌లైవ్‌లో 'ఎక్స్86_64-లినక్స్‌మజిల్' అని ఇంకో బైనరీల సెట్ ఉంది. పాత జీలిబ్‌సీ ఉన్న మిషన్లకు టెక్స్‌లైవ్ వాళ్ళు దీన్నే సూచిస్తారు. ఇన్‌స్టాలర్‌కు 'ఫోర్స్-ప్లాట్‌ఫామ్' ఆప్షన్‌తో ఈ పేరు ఇస్తే అదే ఎక్కుతుంది. లువాలేటెక్ ఒక్కటే చాలనుకునేవాళ్ళు చాలామంది ఇక్కడే ఆగిపోవచ్చు. అది మీకు సరిపోకపోతేనో, సిస్టమ్ ఫాంట్‌కాన్ఫిగ్‌కు (ఫాంట్లను వెతికిపెట్టే లైబ్రరీ) కలిపి కట్టిన మీ సొంత జీటెక్ కావాలనుకుంటేనో కింది పద్ధతికి రండి.

(ఇక్కడ ఆదేశాలన్నీ పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. ఆప్షన్లకు ముందు రెండు చిన్న గీతలు ఉంటాయి.)

దించుకోవడం. రెండు ఫైళ్ళు కావాలి. ఒకటి సోర్స్ టార్‌బాల్, వంద ఎంబీకి అటూ ఇటూ ఉంటుంది. పేరులో తేదీ ఉంటుంది, 2024ది అయితే 20240312. రెండోది అదే సంవత్సరపు ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్, ప్యాకేజీలు కలిసిన డిస్కు ఇమేజ్), ఐదు జీబీకి తక్కువ ఉండదు. రెండూ ఒకే సంవత్సరానివి కావాలి. ఈ ఏడు సోర్స్‌తో చేసిన బైనరీలను నిరుడు ఐఎస్ఓ మీద పెడితే ఫార్మాట్లు (ముందుగానే చదివి దాచుకునే లేటెక్ ఫైళ్ళు) కట్టేటప్పుడే గొడవ మొదలవుతుంది. ఒక్కోసారి పైకి నడిచినట్టే నడిచి మధ్యలో పొంతన లేని ఎర్రర్లు ఇస్తుంది.

మొబైల్ డేటా మీద ఐఎస్ఓ దించాలంటే 'డబ్ల్యూగెట్'కు 'మైనస్ సీ' ఇవ్వండి. రోజు కోటా అయిపోయి ఆగినా మర్నాడు ఆగినచోటి నుంచే అందుకుంటుంది. బరంపురంలోనో శ్రీకాకుళంలోనో మంచి బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్ళ చేత పెన్‌డ్రైవ్‌లో వేయించుకుంటే ఇంకా సులువు. అయితే పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ముందే ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేసి ఇవ్వండి. ఇంకో మాట: సోర్స్‌ను టార్‌బాల్‌గానే తెచ్చుకోండి, అక్కడ విప్పేసి ఫోల్డర్ కాపీ చేయించుకోవద్దు. పెన్‌డ్రైవ్ ఫైల్‌సిస్టమ్‌లో ఎగ్జిక్యూట్ అనుమతులు పోతాయి, లింకులు పోతాయి, ఫైలు సమయాలు కూడా చెదురుతాయి. ఆ సమయాలు చెదిరితే మేక్ (కంపైల్ పనిని వరుసగా నడిపే ప్రోగ్రాము) గందరగోళపడి బైసన్, ఆటోకాన్ఫ్ లాంటివి అనవసరంగా నడపబోతుంది. అవి మీ మిషన్లో ఉండవు, బిల్డ్ ఆగిపోతుంది. తెచ్చుకున్నాక 'షా512సమ్'తో సరిచూసుకోండి. సగం కాపీ అయిన ఐఎస్ఓ ఇన్‌స్టాల్ మధ్యలో బయటపడితే ఆ పూట పోయినట్టే.

కావలసిన సామాను. ఆప్ట్ నుంచి బిల్డ్-ఎసెన్షియల్, పెర్ల్, ఎక్స్‌జెడ్-యుటిల్స్, ఫాంట్‌కాన్ఫిగ్ డెవ్ ప్యాకేజీ తప్పనిసరి. ఫ్రీటైప్, హార్ఫ్‌బజ్, ఐసీయూ, గ్రాఫైట్2, లిబ్‌పీఎన్‌జీ, జెడ్‌లిబ్ అనే లైబ్రరీలన్నీ సోర్స్‌లోనే ఉంటాయి. ఫాంట్‌కాన్ఫిగ్ మాత్రం ఉండదు, జీటెక్‌కు అది మీ సిస్టమ్ నుంచే రావాలి. ఫాంట్‌కాన్ఫిగ్ ఇప్పటికే ఉంది కదా అని చాలామంది అడుగుతారు. నడవడానికి కావలసిన లైబ్రరీ వేరు, కంపైల్‌కు కావలసిన హెడర్లు వేరు. పేరు చివర 'డెవ్' ఉన్న ప్యాకేజీలోనే హెడర్లు ఉంటాయి. ఎక్స్‌డీవీఐ (డీవీఐ ఫైళ్ళు చూపే ప్రోగ్రాము) విండో కావాలంటే ఎక్స్11, ఎక్స్‌ఏడబ్ల్యూ, ఎక్స్ఎమ్‌యూ డెవ్ ప్యాకేజీలు కూడా ఉండాలి. పీడీఎఫ్ పని మాత్రమే చేసేవాళ్ళకు దానితో పనిలేదు, 'వితౌట్-ఎక్స్' ఇచ్చేయండి.

కంపైలర్ విషయంలో ఒక హెచ్చరిక. ఐసీయూ 75వ వెర్షన్ నుంచి సీ++17 అడుగుతోంది. 18.04లో మామూలుగా వచ్చే జీసీసీ 7 దగ్గర కొత్త సోర్స్ తడబడవచ్చు. అదే ఉబుంటు రిపాజిటరీలో జీసీసీ-8, జీ++-8 ఉన్నాయి. వాటిని వేసుకుని, బిల్డ్‌కు ముందు 'సీసీ', 'సీఎక్స్ఎక్స్' వేరియబుల్స్‌లో ఆ పేర్లు ఎక్స్‌పోర్ట్ చేయండి. రెండూ కలిపే మార్చాలి. ఒకటి 7, ఇంకోటి 8 పెట్టుకుని కూర్చోవద్దు.

డిస్కులో 20 జీబీ ఖాళీ ఉంచుకోండి. బిల్డ్ చేసే ఫోల్డర్ లినక్స్ పార్టిషన్‌లోనే ఉండాలి, విండోస్‌తో పంచుకునే ఎన్‌టీఎఫ్ఎస్ పార్టిషన్‌లో వద్దు. ఫోల్డర్ పేరులో ఖాళీలు కూడా వద్దు, కాన్ఫిగర్ (కంపైల్‌కు ముందు మిషన్‌ను తనిఖీ చేసే స్క్రిప్టు) "అన్‌సేఫ్" అని అక్కడే ఆపేస్తుంది.

కట్టడం. టార్‌బాల్ విప్పి, ఆ ఫోల్డర్లోకి వెళ్ళండి. అక్కడ పెద్ద బీతో 'బిల్డ్' అనే స్క్రిప్టు ఉంటుంది. దాన్ని నడిపితే 'వర్క్' అనే డైరెక్టరీ చేసి అందులో కంపైల్ చేస్తుంది, పూర్తయినవి 'ఇన్‌స్ట్' అనే డైరెక్టరీలో పెడుతుంది. సోర్స్ ఉన్న ఫోల్డర్లోనే నేరుగా కాన్ఫిగర్ నడపవద్దు, టెక్స్‌లైవ్ అలా కట్టడానికి ఒప్పుకోదు. వేరే డైరెక్టరీ ఉండి తీరాలి.

నడిపే ముందు 'టీఎల్_మేక్_ఫ్లాగ్స్' అనే వేరియబుల్‌లో (పేరంతా పెద్ద అక్షరాలు) 'మైనస్ జే 2' పెట్టండి. కోర్లు నాలుగు ఉన్నాయని జే 4 ఇవ్వాలనిపిస్తుంది. 4 జీబీ ర్యామ్ మిషన్లో అది వద్దు. ఐసీయూ, జీటెక్‌లలోని సీ++ ఫైళ్ళు ఒక్కోటి బోలెడు మెమరీ తింటాయి. నాలుగు ఒకేసారి పడితే "కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్" అన్న సందేశం వస్తుంది. అది సోర్స్‌లో తప్పు కాదు. మెమరీ చాలక కెర్నెల్ కంపైలర్‌ను చంపేసింది. బ్రౌజర్ మూసి, జే 1కి తగ్గించండి. కుదిరితే 4 జీబీ స్వాప్ ఫైలు కలపండి. రెండు కోర్ల పాత మిషన్లో మొత్తం గంట దాటిపోతుంది, రాత్రి షాపు కట్టేటప్పుడు మొదలుపెట్టడం మేలు.

టెర్మినల్‌లో వచ్చేదంతా 'టీ' ఆదేశంతో లాగ్ ఫైలులోకి కూడా పంపండి. రెండు పనులు కలిసి నడుస్తున్నప్పుడు అసలు ఎర్రర్ చివరి వరుసలో ఉండదు. చివర కనిపించే "మేక్: ఎర్రర్ 1" వల్ల ఏమీ తెలియదు. లాగ్‌లో 'ఎర్రర్ కోలన్' అని వెతికి మొదటిది చూడండి. అడిగేటప్పుడు కూడా ఆ మొదటి ఎర్రర్‌కు పైన ఓ పది వరుసలు కలిపి పెట్టండి, జవాబు ఇచ్చేవాళ్ళకు అదే ఆధారం.

టెక్స్‌లైవ్ కాన్ఫిగర్‌లో ఒక విశేషం ఉంది. పైన నడిచే కాన్ఫిగర్ పైపైనే చూస్తుంది. లోపలి ఒక్కో ప్యాకేజీ కాన్ఫిగర్ మేక్ నడుస్తున్నప్పుడు వస్తుంది. అందుకే హెడర్ లోటు మొదట్లోనే బయటపడక, అరగంట తర్వాత మధ్యలో ఎక్కడో తగులుతుంది. అప్పుడు కావలసిన డెవ్ ప్యాకేజీ వేసుకుని వెంటనే మేక్ కొట్టినా, "లేదు" అని ముందు కనిపెట్టిన ఫలితం క్యాష్‌లో ఉండిపోతుంది. ఇలాంటప్పుడు వర్క్ డైరెక్టరీని తీసేసి మళ్ళీ మొదలుపెట్టడమే తక్కువ ఖర్చు.

కరెంటు పోతే? మన గజపతి, రాయగడ వైపు ఇది అడగాల్సిన ప్రశ్నే. వర్క్ డైరెక్టరీలోకి వెళ్ళి 'మేక్' కొడితే ఆగినచోటి నుంచి సాగుతుంది. బిల్డ్ స్క్రిప్టును మళ్ళీ నడపకండి. అది పాతదంతా తుడిచేసి మొదటికొస్తుంది. నడపాల్సి వస్తే 'నో-క్లీన్' ఆప్షన్ ఇవ్వాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఆబ్జెక్ట్ ఫైళ్ళు సున్నా బైట్లతో మిగిలిపోతాయి. మేక్‌కు అవి పూర్తయినట్టే కనిపిస్తాయి, తీరా లింక్ చేసేటప్పుడు "ఫైల్ ఫార్మాట్ నాట్ రికగ్నైజ్డ్" అంటుంది. 'ఫైండ్' ఆదేశంతో సున్నా సైజు ఉన్న డాట్-ఓ ఫైళ్ళన్నీ వెతికి తీసేసి, అప్పుడు మేక్ కొట్టండి.

దీనికి తోడు పాత మిషన్లలో బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటుంది. కరెంటు వచ్చాక గడియారం ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. అప్పుడు కాన్ఫిగర్ "కొత్తగా చేసిన ఫైలు, వచ్చిన ఫైళ్ళ కన్నా పాతది, సిస్టమ్ గడియారం చూసుకో" అన్న అర్థంలో ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, లేదా మేక్ "క్లాక్ స్క్యూ" అంటుంది. 'డేట్' కొట్టి చూసి, తేదీ సరిచేసి మొదలుపెట్టండి.

బిల్డ్ అయ్యాక వర్క్‌లో 'మేక్ చెక్' నడపండి. విండో కావలసిన పరీక్షలు డిస్‌ప్లే లేకపోతే తప్పుతాయి, వాటిని పట్టించుకోనక్కర్లేదు. లువాటెక్, జీటెక్, కేపాత్‌సీ (టెక్ ఫైళ్ళను వెతికే లైబ్రరీ) పరీక్షలు తప్పితే మాత్రం ముందుకు వెళ్ళవద్దు.

హార్ఫ్‌బజ్ గురించి. కాన్ఫిగర్‌లో 'విత్-సిస్టమ్-హార్ఫ్‌బజ్', 'విత్-సిస్టమ్-ఐసీయూ' లాంటి ఆప్షన్లు కనిపిస్తాయి. డిస్ట్రిబ్యూషన్లు కట్టేవాళ్ళకు అవి కావాలి, మీకు వద్దు. 18.04లోని హార్ఫ్‌బజ్ సోర్స్‌తో వచ్చినదాని కన్నా చాలా పాతది. పైగా జీటెక్‌కు కావలసిన గ్రాఫైట్2, ఐసీయూ సదుపాయాలు ఆ సిస్టమ్ హార్ఫ్‌బజ్‌లో ఉండి తీరాలి. ఏమీ ఇవ్వకుండా వదిలేస్తే లోపలున్న కొత్తదే కలుస్తుంది. కలిసిందో లేదో చూడటానికి 'జీటెక్ వెర్షన్' కొట్టండి. ఏ ఐసీయూ, ఏ హార్ఫ్‌బజ్, ఏ ఫ్రీటైప్‌తో కంపైల్ అయిందో వరుసగా చెబుతుంది. లువాహెచ్‌బీటెక్‌కు అయితే 'క్రెడిట్స్' ఆప్షన్.

ఇన్‌స్టాల్. ఇప్పుడు ఇన్‌స్ట్‌లోని బిన్‌లో 'ఎక్స్86_64-పీసీ-లినక్స్-గ్నూ' పేరుతో డైరెక్టరీ ఉంటుంది, మీ బైనరీలు అందులోనే. ఐఎస్ఓను లూప్ మౌంట్ చేసి, అందులోని 'ఇన్‌స్టాల్-టీఎల్'ను 'కస్టమ్-బిన్' ఆప్షన్‌తో, ఆ డైరెక్టరీ పూర్తి దారి ఇచ్చి నడపండి. మామూలు ఇన్‌స్టాల్ లాగానే సాగుతుంది. చివర్లో మీ బైనరీలను 'బిన్' కింద 'కస్టమ్' అనే డైరెక్టరీలోకి కాపీ చేసి, ఫార్మాట్లు వాటితోనే కడుతుంది. ఎల్ఎస్-ఆర్ జాబితా, ఫాంట్ మ్యాపులు అన్నీ తనే చూసుకుంటుంది.

డిస్కు తక్కువుంటే ఫుల్ స్కీమ్ బదులు మీడియం ఎంచుకోండి. అయితే 'హైఫెన్-ఇండిక్' ప్యాకేజీ వచ్చిందో లేదో చూడండి. తెలుగు, ఒడియా, మరాఠీలకు మాటలు విరిచే నమూనాలు అందులోనే ఉన్నాయి. అది లేకపోతే రెండు కాలాల ప్రశ్నపత్రంలో పొడుగు తెలుగు మాటలు మార్జిన్ దాటి పొడుచుకొస్తాయి. అది ఉన్నా ఇరుకు కాలాల్లో 'ఎమర్జెన్సీస్ట్రెచ్' 3ఈఎమ్ దాకా పెట్టుకోవడం మంచిది.

బైనరీలను విడిగా తీసి యూఎస్ఆర్-లోకల్-బిన్‌లో పడేయవద్దు. కేపాత్‌సీ తన బైనరీ ఉన్న చోటు నుంచి పైకి లెక్కపెట్టుకుంటూ టెక్స్ఎమ్ఎఫ్ డాట్ సీఎన్ఎఫ్‌ను వెతుకుతుంది. చోటు మారితే దారి తప్పుతుంది. సింబాలిక్ లింకు అయితే పర్వాలేదు, అసలు ఫైలు దాకా వెళ్ళి చూస్తుంది.

పాత్. పాత టెక్స్‌లైవ్ యూఎస్ఆర్-బిన్‌లో ఉంది కదా, దాని కన్నా ముందు కొత్త కస్టమ్ డైరెక్టరీ రావాలి. హోమ్‌లోని డాట్-ప్రొఫైల్‌లో పెట్టి, లాగౌట్ అయి మళ్ళీ రండి. డాట్-బ్యాష్ఆర్‌సీలో పెడితే టెర్మినల్‌లో కొత్తది, డెస్క్‌టాప్ మెనూ నుంచి తెరిచిన టెక్స్‌స్టూడియోలో పాతది నడుస్తుంది. "టెర్మినల్లో సరిగ్గా వస్తోంది, ఎడిటర్లో ఒత్తులు విడిపోతున్నాయి" అని అడిగేవాళ్ళలో చాలామంది కేసు ఇదే. 'విచ్ లువాలేటెక్' కొట్టి చూడండి. పాతదే చూపిస్తే 'హ్యాష్ మైనస్ ఆర్' కొట్టి మళ్ళీ చూడండి.

సుడో వాడినప్పుడు ఇంకో చిక్కు. సుడో మీ పాత్‌ను పక్కనబెట్టి తన సొంత జాబితా వాడుతుంది. అందుకే ఫార్మాట్లు కట్టే ఆదేశం ఇచ్చినప్పుడు "ఎఫ్ఎమ్‌టీయుటిల్-సిస్: కమాండ్ నాట్ ఫౌండ్" అంటుంది, లేదా అంతకన్నా చెడ్డగా పాత టెక్స్‌లైవ్‌లో ఉన్నదాన్ని నడిపేస్తుంది. సుడోతో నడిపేటప్పుడు పూర్తి దారి ఇవ్వండి.

తర్వాతెప్పుడైనా ఒక బైనరీ మళ్ళీ కంపైల్ చేసి మార్చితే ఎఫ్ఎమ్‌టీయుటిల్-సిస్‌ను 'ఆల్'తో మళ్ళీ నడపాలి. లేకపోతే "ఫేటల్ ఫార్మాట్ ఫైల్ ఎర్రర్, ఐయామ్ స్టైమీడ్" అని టెక్ ఆగిపోతుంది. ఇక్కడ 'యూజర్' రకం వాడవద్దు, 'సిస్' రకమే వాడండి. యూజర్ రకం మీ హోమ్‌లో రహస్యంగా ఇంకో కాపీ పెడుతుంది, ఆ తర్వాత సిస్టమ్‌లో ఎన్ని మార్పులు చేసినా ఆ పాత కాపీయే అడ్డొస్తుంది. ఇప్పటికే ఎప్పుడో వాడి ఉంటే హోమ్‌లో డాట్-టెక్స్‌లైవ్ అని సంవత్సరంతో ఉన్న ఫోల్డర్‌ను తీసేయండి.

టీఎల్ఎమ్‌జీఆర్ (టెక్స్‌లైవ్ ప్యాకేజీల మేనేజర్) ప్యాకేజీలను అప్‌డేట్ చేస్తుంది గానీ మీ కస్టమ్ బైనరీలను ముట్టుకోదు. కొత్త సంవత్సరపు విడుదల వచ్చాక "లోకల్ టెక్స్‌లైవ్ పాతది" అని నిరాకరిస్తుంది. అప్పుడు రిపాజిటరీని ఆ సంవత్సరపు 'టీఎల్‌నెట్-ఫైనల్'కు మార్చుకుంటే ఉన్నదానితో నెమ్మదిగా పని చేసుకోవచ్చు. బిబర్, అసింప్టోట్ ఈ మామూలు బిల్డ్‌లో రావు. శుభలేఖలకు, ప్రశ్నపత్రాలకు వాటి అవసరం లేదు.

జీలిబ్‌సీ ఇబ్బంది లేకుండా, ఒక్క ఇంజన్ మాత్రమే కొత్తది కావలసినవాళ్ళకు ఓ మాట. అన్నీ కట్టక్కర్లేదు. వేరే డైరెక్టరీ నుంచి కాన్ఫిగర్‌ను 'డిసేబుల్-ఆల్-పీకేజీఎస్', 'ఎనేబుల్-జీటెక్', 'ఎనేబుల్-డీవీఐపీడీఎఫ్ఎమ్-ఎక్స్' ఆప్షన్లతో నడిపితే చాలు. (మొదటిదాంట్లో చివర ప్యాకేజెస్ అని పూర్తిగా కాదు, పీ-కే-జీ-ఎస్ నాలుగు అక్షరాలే. జీటెక్ స్పెల్లింగ్‌లో మొదటి అక్షరం ఎక్స్.) మూడోది మరిచిపోకండి. జీటెక్ స్వయంగా పీడీఎఫ్ రాయదు, ఎక్స్‌డీవీఐపీడీఎఫ్ఎమ్ఎక్స్ చేత రాయిస్తుంది.

ఇక తెలుగు, ఒడియా. ఫాంట్లు సిస్టమ్‌లో వేసి 'ఎఫ్‌సీ-క్యాష్' నడపండి, తర్వాత 'లువాఓటీఎఫ్‌లోడ్-టూల్'ను 'అప్‌డేట్'తో నడపండి. తెలుగుకు నోటో సెరిఫ్ తెలుగు, మండలి, రామభద్ర, సూరన్న, ఒడియాకు నోటో సాన్స్ ఒరియా, లోహిత్ ఒడియా ఉచితంగా దొరుకుతాయి. బేబెల్‌లో తెలుగును ముఖ్య భాషగా 'ఇంపోర్ట్' చేయండి. ఒడియాకు 'బేబెల్‌ప్రొవైడ్' ఆదేశంలో 'ఇంపోర్ట్'తో పాటు 'ఆన్‌చార్=ఐడీస్ ఫాంట్స్' అని ఇవ్వండి. అక్షరాన్ని చూసి ఫాంటు మారే సదుపాయం ఇదే. ఇది లువాటెక్‌లో పనిచేస్తుంది, జీటెక్‌లో ఆశించవద్దు. 'బేబెల్‌ఫాంట్'లో రెండు భాషలకూ 'రెండరర్=హార్ఫ్‌బజ్' రాయండి. కంపైల్ అంతా సక్రమంగా చేసి ఈ ఒక్క మాట వదిలేస్తే లువాలేటెక్ తన లువా షేపర్‌తోనే (అక్షరాలను కలిపి కూర్చే భాగం) నెట్టుకొస్తుంది, ఒత్తులు మళ్ళీ మొదటికే.

పరీక్షకు ఒక పేజీ పెట్టుకోండి: స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, రాష్ట్రం, సంస్కృతి, వాఙ్మయం, సాఫ్ట్‌వేర్. 'స్త్రీ'లో తకారం ఒత్తు, రేఫ వత్తు రెండూ సకారంతో కలవాలి, ఈత్వం పైన ఉండాలి. సకారం నెత్తిన పొల్లు కనిపించిందంటే షేపర్ నడవలేదు. 'సాఫ్ట్‌వేర్'లో మాత్రం 'ఫ్ట్' గుంపుకు పొల్లే ఉండాలి, వకారం కిందికి జారకూడదు. జారితే మధ్యలో ఉండాల్సిన జీరో-విడ్త్ నాన్-జాయినర్‌ను మీ ఎడిటర్ తినేసిందని అర్థం. ఒడియాలో తప్పు ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అక్కడ ఏత్వం గుర్తు హల్లుకు ఎడమ పక్కకు వెళ్ళాలి, షేపర్ లేకపోతే కుడి పక్కనే ఉండిపోతుంది.

అక్షరం బదులు ఖాళీ డబ్బా వస్తే ఫాంటులో ఆ అక్షరం లేదన్నమాట. 'ట్రేసింగ్‌లాస్ట్‌చార్స్' విలువ 3 పెట్టండి. 2021 నుంచి ఆ విలువ ఉంటే తప్పిన అక్షరాన్ని హెచ్చరికగా కాక ఎర్రర్‌గా ఆపి చూపిస్తుంది, వెయ్యి కార్డులు అచ్చయ్యాక చూసుకునే ప్రమాదం ఉండదు. ఒడియా వాక్యం చివరి దండంతో ఇది తరచూ వస్తుంది. యూనికోడ్‌లో దండం దేవనాగరి బ్లాకులో ఉంది, చాలా భారతీయ లిపులు దాన్నే పంచుకుంటాయి. ఆన్‌చార్ మారేచోట అది తెలుగు ఫాంటుకు పడిందంటే, అందులో దండం లేకపోవచ్చు. దండం ఉన్న తెలుగు ఫాంటు ఎంచుకోవడం అన్నిటికన్నా సులువైన దారి.

నాందేడ్, చంద్రపూర్ వైపు మరాఠీతో ఇదే పని చేసేవాళ్ళు 'లాంగ్వేజ్=మరాఠీ' కూడా ఇవ్వండి. ల, శ అక్షరాల మరాఠీ రూపాలు హిందీ రూపాలకు వేరు. ఫాంటులో ఆ ఏర్పాటు ఉంటే ఈ మాటతోనే అవి బయటికొస్తాయి.

మీ ప్రాంతంలో సవర భాషకు పని వస్తే, 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012 నుంచి యూనికోడ్‌లో ఉంది, నోటోలో దానికి ఫాంటు కూడా ఉంది. ఒత్తులు, ముందువెనకల మార్పులు లేని లిపి కాబట్టి ఫాంటు పేరు ఇస్తే జీటెక్‌లోనూ లువాటెక్‌లోనూ నేరుగా అచ్చవుతుంది. ఆ భాషలో పిల్లల వాచకాలు, కరపత్రాలు వేయాలనుకునేవాళ్ళు మీ షాపుకు వస్తే కాదనకండి.

చివరగా, పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో చేసిన పాత తెలుగు మేటర్, ఆకృతిలో చేసిన ఒడియా మేటర్ మీ దగ్గర చాలానే ఉండి ఉంటుంది. అవి యూనికోడ్ కావు. నేరుగా అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త వస్తుంది, దానికి ఏ ఇంజన్ కంపైల్ చేసినా లాభం లేదు. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక పేర్లు, ముహూర్తాల అంకెలు, వరుస ఒత్తులు మనిషి కన్నుతోనే సరిచూడాలి. పాత కార్డు పక్కన పెట్టుకుని పేరు పేరునా చదవండి.